ఎంబసీని ఏం అడగాలో తెలిసి అడగండి

ప్రశ్న: మా అన్నయ్య విదేశంలో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. మూడు వారాల క్రితం అతను నడుపుతున్న వ్యాను ఢీకొని ఒక మనిషి చనిపోయాడు. పోలీసులు అన్నయ్యను అదుపులోకి తీసుకున్నారు. అక్కడి భాష అతనికి అంతంతమాత్రమే వచ్చు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. ఆ దేశ రాజధానిలో ఉన్న మన ఎంబసీకి ఫోన్ చేస్తే "కోర్టు వ్యవహారాల్లో మేము జోక్యం చేసుకోలేము" అని పెట్టేశారు. మరి ఎంబసీ ఉన్నది ఎందుకు? జెండా ఎగరేసి విందులు చేసుకోవడానికా? బెయిలు దొరికితే నేరుగా ఎంబసీలోకి వెళ్లిపొమ్మని, అది మన నేలే కాబట్టి పోలీసులు రాలేరని అన్నయ్య స్నేహితుడు చెబుతున్నాడు. ఇంకొకాయన ఎంబసీలో తనకు మనుషులు ఉన్నారని, డబ్బిస్తే పని చేయిస్తానని అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ స్నేహితుడి సలహా సంగతి చూద్దాం. అది మీ అన్నయ్యను ఇప్పుడున్న కష్టం కంటే పెద్ద కష్టంలోకి నెట్టగలదు.

ఎంబసీ ఉన్న స్థలం దాన్ని పంపిన దేశపు నేల కాదు. ఆ నేల ఆతిథ్య దేశానిదే. గేటు దాటి లోపలికి వెళ్లినా అక్కడి చట్టమే వర్తిస్తుంది. అయినా ఇంతమంది దాన్ని "మన నేల" అనుకోవడానికి ఒక కారణం ఉంది. దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందం, ఎంబసీ ప్రాంగణంలోకి దాని అధిపతి అనుమతి లేకుండా ఆతిథ్య దేశపు పోలీసులు గానీ అధికారులు గానీ అడుగుపెట్టకూడదని 22వ అధికరణలో స్పష్టంగా చెప్పింది. అయితే పోలీసు లోపలికి రాలేకపోవడం వేరు, లోపల ఉన్న మనిషి మీద కేసు లేకపోవడం వేరు. గోడ అవతల కేసు అలాగే ఉంటుంది, వారంటు అలాగే ఉంటుంది. పైగా అదే ఒప్పందం 41వ అధికరణ, ఎంబసీ భవనాన్ని దౌత్య విధులకు పొసగని పనులకు వాడకూడదని ఎంబసీనే కట్టడి చేస్తుంది. ట్రాఫిక్ కేసులో బెయిలు మీద ఉన్న మనిషిని దాచడం అలాంటి పనే. మీ అన్నయ్య లోపలికి వెళ్లి కూర్చున్నా, అక్కడి అధికారులు ఆయనకు నచ్చజెప్పి బయటికి పంపించడానికే చూస్తారు.

వికీలీక్స్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ ఉదంతం మీకు తెలిసే ఉంటుంది. ఆయన లండన్‌లో బెయిలు మీద ఉండగానే 2012 జూన్‌లో ఈక్వెడార్ ఎంబసీలోకి వెళ్లారు. దాదాపు ఏడేళ్లు ఆ భవనంలోనే ఉండిపోయారు. 2019 ఏప్రిల్‌లో ఈక్వెడార్ తాను ఇచ్చిన ఆశ్రయాన్ని వెనక్కి తీసుకుని, బ్రిటన్ పోలీసులను తానే లోపలికి రానిచ్చింది. ఆ తర్వాత ఆయనకు పడిన మొదటి శిక్ష దేనికో చూడండి. బెయిలు షరతులు ఉల్లంఘించినందుకు 50 వారాల జైలు. ప్రపంచమంతా పేరు తెలిసిన మనిషికి, ఒకప్పుడు ఒక దేశాధ్యక్షుడి అండ ఉన్నవాడికి జరిగింది ఇది. రాజకీయ కారణాలతో వేటాడుతున్న వారికి ఎంబసీల్లో ఆశ్రయం ఇచ్చే సంప్రదాయం లాటిన్ అమెరికా దేశాల మధ్య బలంగా ఉంది. కానీ అది రాజకీయ బాధితులకు ఉద్దేశించినది. రోడ్డు ప్రమాదం కేసుకు దానితో సంబంధం లేదు. బెయిలు వస్తే మీ అన్నయ్య చేయాల్సిన పని ఒక్కటే: షరతులన్నీ తు.చ. తప్పకుండా పాటించడం. ఆ మాట ఈ రోజే ఆయనకు చేరేలా చూడండి.

డబ్బు అడుగుతున్న పెద్దమనిషి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఇవ్వకండి. ఎంబసీ సేవలకు రుసుములు ఉంటాయి, వాటి పట్టిక బహిరంగంగా ఉంటుంది, కట్టినదానికి రసీదు వస్తుంది. జైల్లో ఉన్న పౌరుణ్ణి వెళ్లి చూడడం అధికారి ఉద్యోగంలో భాగం, దానికి ధర ఉండదు. ఆయన అడిగిన సొమ్ము అక్కడి వకీలు ఫీజుకు ఉంచుకోండి. అది నిజంగా అవసరమవుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని అంతగా బాధపెట్టిన ఆ ఫోను మాట దగ్గరికి వద్దాం. "కోర్టు వ్యవహారాల్లో జోక్యం చేసుకోలేము" అన్న మాట నిజమే. కానీ అది సగం నిజం. మిగతా సగం మీకు చెప్పకుండా ఫోను పెట్టేయడం నాకు చాలా కోపం తెప్పించింది. అన్న జైల్లో ఉన్న ఒక చెల్లెలికి ఆ సమయంలో కావలసినది, ఆ అధికారి ఏం చేయలేడో కాదు, ఏం చేయగలడో. ఆయన చేయగలిగినది తక్కువేమీ కాదు.

చేయలేనివి ముందుగా చెప్పేస్తాను. ఎంబసీ మీ అన్నయ్యను విడిపించలేదు. కేసు కొట్టేయమని న్యాయమూర్తికి చెప్పలేదు. ప్రమాదం ఎలా జరిగిందో సొంతంగా దర్యాప్తు చేయలేదు. స్థానిక ఖైదీలకు లేని సదుపాయాలు మీ అన్నయ్యకు మాత్రమే ఇమ్మని పట్టుబట్టలేదు. ఒక్కసారి తిరగేసి ఆలోచించండి. పరాయి దేశపు రాయబారి ఒకరు మన జడ్జికి ఫోన్ చేసి, మన మనిషి ప్రాణం తీసిన తన దేశస్థుణ్ణి వదిలేయమంటే మనం ఊరుకుంటామా? చనిపోయిన ఆ మనిషికీ ఒక కుటుంబం ఉంది. వాళ్లు కూడా న్యాయం కోసం అదే కోర్టు వైపు చూస్తున్నారు. ఆతిథ్య దేశపు చట్టాలను గౌరవించాలి, దాని అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకూడదు అని వియన్నా ఒప్పందం దౌత్యవేత్తలకు విధించిన కట్టుబాటు ఇలాంటి సందర్భాల కోసమే.

చేయగలిగినవి 1963లో కుదిరిన మరో వియన్నా ఒప్పందంలో ఉన్నాయి. ఇది కాన్సులర్ సంబంధాలకు, అంటే విదేశంలో ఉన్న తన పౌరులకు ఒక దేశం అందించే సేవలకు సంబంధించినది. దీని 36వ అధికరణ మీ అన్నయ్యకు ఇప్పుడు అత్యంత విలువైన చట్టం, ఆయనకు ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా. విదేశీయుణ్ణి అరెస్టు చేసినప్పుడు, తన దేశపు కాన్సులేటుకు కబురు పంపమని కోరే హక్కు నీకు ఉంది అని పోలీసులు అతనికి ఆలస్యం చేయకుండా చెప్పాలి. అతను కోరితే ఆలస్యం చేయకుండా కబురు పంపాలి. అతను రాసిన ఉత్తరం కాన్సులేటుకు చేరాలి. కాన్సులర్ అధికారి జైలుకు వెళ్లి అతన్ని చూడవచ్చు, మాట్లాడవచ్చు, ఉత్తరాలు రాయవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయడంలో సాయపడవచ్చు. ఖైదీ స్వయంగా వద్దంటే తప్ప ఈ తలుపు మూసేయడానికి వీల్లేదు. కొన్ని దేశాలు తమలో తాము చేసుకున్న ప్రత్యేక ఒప్పందాల వల్ల, ఖైదీ అడిగినా అడగకపోయినా కబురు పంపి తీరాల్సి ఉంటుంది.

ఈ హక్కు సమయానికి అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి లాగ్రాండ్ సోదరుల కేసును మించిన ఉదాహరణ లేదు. కార్ల్, వాల్టర్ అనే ఈ అన్నదమ్ములు జర్మనీ పౌరులు. 1982లో అమెరికాలోని అరిజోనాలో ఒక బ్యాంకు దోపిడీ యత్నంలో జరిగిన హత్యకు అరెస్టయ్యారు, 1984లో మరణశిక్ష పడింది. కాన్సులేటును సంప్రదించే హక్కు ఉందని వాళ్లకు అధికారులు చెప్పలేదు. జర్మనీ కాన్సులేటుకు సంగతి తెలిసింది 1992లో. అప్పటికి విచారణ ముగిసిపోయింది. శిక్ష తగ్గించేందుకు కోర్టు ముందు పెట్టదగిన వాళ్ల బాల్యపు వివరాలు జర్మనీలోనే ఉన్నాయి. వాటిని సేకరించి ఇచ్చే అవకాశం సరైన సమయంలో ఎవరికీ దక్కలేదు. 1999లో ఇద్దరికీ శిక్ష అమలైంది. 2001లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికా ఒప్పందాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఈ హక్కు దేశాలది మాత్రమే కాదు, అరెస్టయిన వ్యక్తిది కూడా అని స్పష్టం చేసింది. ఆ తీర్పు అండతో ఇవాళ మీ అన్నయ్య "ఇది నా హక్కు" అని అడగగలుగుతున్నాడు.

ఇంకో తీర్పు కూడా మీరు గుర్తుంచుకోవాలి. పాకిస్తాన్ జైల్లో ఉన్న కులభూషణ్ జాదవ్ విషయంలో భారత్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2019 జూలై 17న వచ్చిన తీర్పు, కాన్సులర్ అధికారులను కలవనివ్వకపోవడం ద్వారా పాకిస్తాన్ 36వ అధికరణను ఉల్లంఘించిందని చెప్పింది. జాదవ్‌ను కలవడానికి అనుమతించాలని, శిక్షను సమర్థంగా పునఃసమీక్షించాలని ఆదేశించింది. అయితే మరణశిక్షను రద్దు చేసి ఆయన్ను విడుదల చేయించాలన్న భారత్ కోరికను మాత్రం ఒప్పుకోలేదు. ప్రపంచంలోని అత్యున్నత న్యాయపీఠం కూడా ఇవ్వనిదాన్ని ఒక ఎంబసీ ఉద్యోగి ఫోనులో ఇవ్వలేడు. కానీ ఆ పీఠం ఏది ఇచ్చిందో చూడండి: కలిసే అవకాశం, న్యాయంగా విచారించమని అడిగే అవకాశం. ఎంబసీని అడగాల్సింది కూడా దాన్నే.

మీరు ఫోనులో "మా అన్నయ్యను బయటికి తీసుకురండి" అని అడిగి ఉంటారు. అలా అడగడం సహజం. ఇప్పుడు ఫోను పక్కన పెట్టి, ఈమెయిల్ రాయండి. ఫోనులో అన్న మాటకు ఆధారం ఉండదు. ఈమెయిల్‌కు తేదీ ఉంటుంది, ఫిర్యాదు సంఖ్య రావచ్చు, పై అధికారికి చూపించడానికి పనికొస్తుంది. అందులో మీ బాధ రెండు వాక్యాల్లో చెప్పండి, మిగతాదంతా వివరాలతో నింపండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఆయన పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, ఆ దేశంలో ఇచ్చిన నివాస గుర్తింపు కార్డు సంఖ్య, ప్రమాదం జరిగిన రోజు, చోటు, ఉంచిన పోలీసు స్టేషను లేదా జైలు పేరు, తెలిస్తే కేసు సంఖ్య, యజమాని పేరు, ఫోను నంబరు. ఆయనకు షుగరు, రక్తపోటు, మూర్ఛ వంటివి ఉంటే వాడుతున్న మందుల పేర్లతో సహా రాయండి. జైల్లో మందు అందకపోవడం ఎంబసీ వెంటనే కదలవలసిన విషయం. ఇది ఖైదీ ఆరోగ్యానికి సంబంధించినది కాబట్టి జోక్యం అని ఎవరూ అనలేరు.

ఆ తర్వాత మీరు కోరుతున్నవి విడివిడిగా రాయండి. మొదటిది, 36వ అధికరణ కింద అధికారి ఒకరు వీలైనంత త్వరగా జైలుకు వెళ్లి ఆయన్ను చూడాలని. రెండోది, అక్కడి న్యాయవాదుల్లో మన భాష గానీ, ఆయనకు అర్థమయ్యే ఇంకో భాష గానీ తెలిసినవారి జాబితా ఇవ్వాలని. చాలా ఎంబసీల దగ్గర ఇలాంటి జాబితా ఉంటుంది. మూడోది, కోర్టులో దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తున్నారో లేదో కనుక్కోవాలని. పౌర, రాజకీయ హక్కులపై 1966లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణ, కోర్టు భాష అర్థం కాని నిందితుడికి ఉచితంగా దుబాసీని ఇవ్వాలంటుంది. నాలుగోది, పాస్‌పోర్టు. పాస్‌పోర్టు దాన్ని జారీ చేసిన ప్రభుత్వపు ఆస్తి. యజమాని దాన్ని తన దగ్గర అట్టిపెట్టుకున్నాడని రాసి, తిరిగి ఇప్పించమని అడగండి. ఎంబసీ గట్టిగా మాట్లాడగలిగిన చోటు ఇది.

అయిదోదాన్ని చాలామంది మరిచిపోతారు. ఖైదీ అనుమతి లేకుండా అతని వివరాలు కుటుంబానికి కూడా చెప్పకూడదన్న నియమం చాలా దేశాల విదేశాంగ శాఖల్లో ఉంది. మీకు సమాచారం ఇవ్వకపోవడానికి నిర్లక్ష్యంతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు. మొదటి ములాఖత్‌లోనే "నా వివరాలు మా చెల్లెలికి చెప్పవచ్చు" అని ఆయన చేత ఒక కాగితం మీద సంతకం చేయించమని అధికారిని కోరండి. ఆ ఒక్క కాగితంతో తర్వాతి నెలలన్నీ మీకు సులువవుతాయి.

అన్నయ్యకు కూడా ఒక మాట చేరవేయాలి. అర్థం కాని భాషలో ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని, "నా దేశపు కాన్సులేటుకు కబురు పంపండి" అని పోలీసులను, జైలు అధికారులను, జడ్జిని ఎవరు కనిపిస్తే వారిని అడగమని చెప్పండి. మృతుడి కుటుంబంతో పరిహారం గురించి, క్షమాభిక్ష గురించి మధ్యవర్తుల ద్వారా మాట్లాడవద్దు. కొన్ని దేశాల చట్టాల్లో ఆ కుటుంబం అంగీకారానికి చాలా విలువ ఉంది. కాబట్టే అది వకీలు చేతుల మీదుగా, కోర్టు రికార్డులోకి ఎక్కేలా జరగాలి. వాహనానికి బీమా ఉందో లేదో మొదట తేల్చమని వకీలును అడగండి.

మీరు ఎవరికి రాస్తున్నారన్నది కూడా చూసుకోండి. ఎంబసీ రాజధానిలో ఉంటుంది, ప్రభుత్వంతో ప్రభుత్వం తరఫున మాట్లాడుతుంది. పెద్ద దేశాల్లో ఇతర నగరాల్లో కాన్సులేట్లు ఉంటాయి, ఒక్కో కాన్సులేటుకు ఇన్ని రాష్ట్రాలు, ఇన్ని జిల్లాలు అని పరిధి ఉంటుంది. మీ అన్నయ్య ఉన్న జైలు కాన్సులేటు పరిధిలోకి వస్తే, రాజధానికి రాసిన ఈమెయిల్ అక్కడే ఆగిపోవచ్చు. కాబట్టి కాన్సులేటుకు రాసి, ఎంబసీలోని కాన్సులర్ విభాగానికి ప్రతి పంపండి. స్వదేశంలోని విదేశాంగ శాఖకు కూడా పంపండి. కామన్వెల్త్ దేశాల మధ్య అయితే ఎంబసీకి బదులు హైకమిషన్ అన్న పేరు కనిపిస్తుంది, పని మాత్రం అదే.

జెండా, విందులు అన్నారు కదా. ఆ మాటను కొట్టిపారేయను, ఎందుకంటే బయటినుంచి చూసేవారికి కనిపించేది అదే. కానీ ఆ భవనంలో జరిగే పనిలో ఎక్కువ భాగం బయటికి కనిపించదు, దానిలో కొంత చివరికి మీ అన్నయ్య లాంటి వారి దగ్గరికే వస్తుంది. 1961 ఒప్పందం 3వ అధికరణ ఎంబసీ విధులను చెబుతుంది: తన దేశానికి ప్రాతినిధ్యం వహించడం, దేశ ప్రయోజనాలను, పౌరుల ప్రయోజనాలను అంతర్జాతీయ చట్టం అనుమతించే మేరకు కాపాడడం, ఆతిథ్య ప్రభుత్వంతో సంప్రదింపులు జరపడం, అక్కడి పరిస్థితులను చట్టబద్ధంగా తెలుసుకుని స్వదేశానికి నివేదించడం, స్నేహ సంబంధాలు పెంచడం. ఒక దేశం రాయబారిని పంపాలంటే ఆయన ఫలానా అని ముందే చెప్పి అవతలి దేశం సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి ఇవ్వకపోతే కారణం చెప్పనక్కర్లేదు. వచ్చిన రాయబారి ఆ దేశాధినేతకు తన నియామక పత్రాలు అందజేస్తారు. రాయబారి లేనప్పుడు తర్వాతి అధికారి ఛార్జ్ డి అఫైర్స్ హోదాలో నడిపిస్తారు.

నివేదించడం అన్నది కాగితాల పనిలా కనిపిస్తుంది గానీ, దాని బరువు చాలా పెద్దది. 1946 ఫిబ్రవరిలో మాస్కోలోని అమెరికా ఎంబసీలో ఛార్జ్ డి అఫైర్స్‌గా ఉన్న జార్జ్ కెనాన్ వాషింగ్టన్‌కు అయిదు వేల పైచిలుకు మాటల టెలిగ్రాం పంపారు. సోవియట్ ప్రభుత్వం ఎలా ఆలోచిస్తుందో అందులో వివరించారు. తర్వాతి దశాబ్దాల అమెరికా విదేశాంగ విధానం మీద ఆ ఒక్క సందేశం గాఢమైన ముద్ర వేసింది. రాజధానిలో కూర్చుని, పత్రికలు చదివి, పార్లమెంటు చర్చలు విని, మనుషులతో మాట్లాడి తెలుసుకున్న వ్యక్తి మాత్రమే అలాంటిది రాయగలడు. విందు కూడా ఆ పనిలో భాగమే. ఆ దేశపు న్యాయశాఖలో ఎవరు ఏం చూస్తారో, జైళ్ల శాఖలో ఎవరికి చెబితే కాగితం కదులుతుందో తెలిసిన అధికారికీ, తెలియని అధికారికీ మధ్య తేడా మీ అన్నయ్యకు కొన్ని వారాలు కావచ్చు.

సంప్రదింపుల సంగతీ అంతే. శిక్ష పడిన ఖైదీలు మిగిలిన కాలాన్ని స్వదేశంలోని జైల్లో గడిపే వీలు కల్పించే ఒప్పందాలు దేశాల మధ్య ఉంటాయి. వాటిని కుదర్చడంలో, ఆచరణలో పెట్టడంలో ఎంబసీ సిబ్బంది శ్రమ ఉంటుంది. కార్మికుల వేతనాల ఒప్పందాలు, సామాజిక భద్రత ఒప్పందాలు కూడా ఇలా వచ్చినవే. మీ అన్నయ్యకు శిక్ష పడకూడదని మనసారా కోరుకుంటున్నాను. ఒకవేళ పడితే, ఆ రెండు దేశాల మధ్య ఖైదీల బదిలీ ఒప్పందం ఉందా అన్నది ఎంబసీని అడగవలసిన మొదటి ప్రశ్న. సాధారణంగా తీర్పు అంతిమమైన తర్వాతే, రెండు ప్రభుత్వాలూ ఖైదీ కూడా ఒప్పుకుంటేనే ఆ బదిలీ జరుగుతుంది.

ఇంత పని చేసే ఎంబసీ ఎందుకు ఇంత ఆచితూచి మాట్లాడుతుందంటారా? దానికి ఉన్న బలమంతా ఆతిథ్య దేశం సమ్మతి మీద నిలబడి ఉంది. ఏ దౌత్యవేత్తనైనా ఏ కారణమూ చెప్పకుండా "అవాంఛనీయ వ్యక్తి"గా ప్రకటించి పంపించేసే హక్కు ఆ దేశానికి ఉంది. 2018 మార్చిలో, బ్రిటన్‌లో ఒక మాజీ రష్యా గూఢచారి మీద జరిగిన విషప్రయోగం తర్వాత ఇరవైకి పైగా దేశాలు కలిసి వందమందికి పైగా రష్యా దౌత్యవేత్తలను అలాగే పంపించేశాయి. హద్దు దాటినట్టు కనిపించిన అధికారి వెళ్లిపోతే, అతని మీద ఆధారపడిన ఖైదీలను చూసేవారు ఆ తర్వాత కొంతకాలం ఉండరు. దూతకు హాని చేయరాదని విభీషణుడు రావణుడికి చెప్పిన కాలం నుంచి ఈ ఏర్పాటు రెండువైపులా ఓర్పుతోనే నడుస్తోంది. ఆ ఓర్పు తప్పిన చోట ఏమవుతుందో 1979 నవంబరులో టెహ్రాన్ చూపించింది. అమెరికా ఎంబసీని ఆక్రమించి 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. 1980లో రెండు దేశాల సంబంధాలు తెగిపోయాయి, ఎంబసీ మళ్లీ తెరుచుకోలేదు. అప్పటినుంచి ఇరాన్‌లో అమెరికా వ్యవహారాలు చూసే బాధ్యతను స్విట్జర్లాండ్ మోస్తోంది. తన ఎంబసీ లేని చోట మరో దేశం ద్వారా సాయం అందించే ఇలాంటి పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య పౌరుడికి తన దేశపు ఎంబసీ లేని చోట మరో సభ్యదేశపు ఎంబసీ సాయం చేయాలి. కెనడా, ఆస్ట్రేలియాలు 1986 నుంచి కొన్ని చోట్ల ఒకరి పౌరులకు ఒకరు కాన్సులర్ సేవలు అందిస్తున్నాయి.

యుద్ధం వచ్చినప్పుడు ఎంబసీ విలువ ఎవరికీ వివరించనక్కర్లేదు. 2022లో ఉక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక అక్కడి భారత విద్యార్థులను సరిహద్దులు దాటించడానికి పొరుగు దేశాల్లోని భారత ఎంబసీలన్నీ కలిసి పనిచేశాయి. 22 వేల మందికి పైగా స్వదేశానికి చేరారు. ఆ మార్చిలో కీవ్‌లోని ఎంబసీ తాత్కాలికంగా పోలండ్‌కు మారి, మే నెలలో తిరిగి కీవ్‌కు వచ్చింది. ఒక్క అధికారి చేతిలోని ముద్రకు ఎంత శక్తి ఉంటుందో చూడాలంటే 1940లో లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ వైస్ కాన్సుల్‌గా ఉన్న చియునే సుగిహారాను తలచుకోవాలి. టోక్యో నుంచి అనుమతి లేకపోయినా, యూదు శరణార్థులకు ఆయన రెండు వేలకు పైగా వీసాలు రాసిచ్చారు. వేలమంది ప్రాణాలు దక్కాయి. కౌంటరు వెనక కూర్చున్న మనిషి మనసు పెడితే ఏం జరుగుతుందో తెలుసు కాబట్టే, మీ ఫోనుకు వచ్చిన ఆ పొడి జవాబు నన్ను అంత బాధించింది.

ఈమెయిల్ పంపాక ఊరుకోవద్దు. వారానికొకసారి, ఫిర్యాదు సంఖ్య వచ్చి ఉంటే అదే వేసి, "అధికారి వెళ్లి కలిశారా, ఎప్పుడు కలిశారు, తదుపరి వాయిదా ఎప్పుడు" అని మర్యాదగా, గట్టిగా అడగండి. జైలు అధికారులు ములాఖత్‌కు అనుమతి ఇవ్వడం లేదని జవాబు వస్తే, ఆ దేశ విదేశాంగ శాఖకు ఎంబసీ రాతపూర్వకంగా తెలియజేసిందా అని అడగండి. దౌత్య భాషలో దాన్ని నోట్ వెర్బాల్ అంటారు. ఆ మాట మీ ఉత్తరంలో కనిపిస్తే, మీకు సంగతి తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. రెండు వారాలైనా జవాబు రాకపోతే, ఆ ఈమెయిల్ కాపీలన్నీ పట్టుకుని మీ పార్లమెంటు సభ్యుడి దగ్గరికి వెళ్లండి. ప్రజాప్రతినిధి రాసిన ఉత్తరానికి విదేశాంగ శాఖలో జవాబు చెప్పే అలవాటు ఉంటుంది.

వకీలును పెట్టడానికి ఇక్కడినుంచి పవర్ ఆఫ్ అటార్నీ వంటి పత్రాలు పంపాల్సి రావచ్చు. ఆ దేశం 1961 నాటి హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే, స్వదేశంలో వేయించిన అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదని ధ్రువీకరించే ముద్ర) చాలు, మళ్లీ ఎంబసీ చుట్టూ తిరగనక్కర్లేదు. అందులో లేకపోతే ఇక్కడ ఉన్న ఆ దేశపు ఎంబసీ చేత ధ్రువీకరించుకోవాలి. ఏది అవసరమో ముందే వకీలును అడిగి తెలుసుకుంటే వారాలు మిగులుతాయి.

చివరిగా, విడుదల రోజు గురించి ఇప్పుడే ఆలోచించండి. కేసు ముగిసినా, పాస్‌పోర్టు దొరకక, వీసా గడువు దాటిపోయి, ప్రయాణ నిషేధం రికార్డులో అలాగే ఉండిపోయి నెలల తరబడి చిక్కుకుపోయేవారు ఉన్నారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర నుంచి రాకపోతే స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించడానికి ఎంబసీ అత్యవసర ప్రయాణ పత్రం ఇవ్వగలదు. దానికి పౌరసత్వ రుజువులు కావాలి. ఆయన పాత పాస్‌పోర్టు కాపీ, జనన ధ్రువపత్రం, ఓటరు కార్డు, రెండు మూడు ఫోటోలు ఇంట్లో ఎక్కడున్నాయో ఈ రాత్రే వెతికి, స్కాన్ చేసి, మొదటి ఈమెయిల్‌తోనే పంపించేయండి.